కోట పక్కన కొట్లు, ఇళ్లు: వరంగల్‌లో పాత జాగను మళ్లీ కట్టాలనుకునేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ప్లానులు గీయడం నా పని. ఆఫీసు హనుమకొండలో. నా దగ్గరికి వచ్చే జాగల్లో చాలావాటికి పక్కనే కోట గోడో, గుడో, చెరువో, ఏదీ లేకపోతే ఒక గుట్టయినా ఉంటుంది. మూతబడ్డ రైస్ మిల్లు, ఖాళీ పత్తి గోదాం, అన్నదమ్ములు పంచుకోక తాళం వేసిన పెద్దిల్లు, ఇలాంటివాటి స్థానంలో కింద కొట్లు, పైన ఇళ్లు కట్టాలని వచ్చినవాళ్లు అడిగిన ప్రశ్నలే ఇవి. అందరూ మొదట అడిగేది ‘ఎన్ని ఫ్లోర్లు వస్తయి?’ అని. దానికి జవాబు చాలా కిందికి పెట్టాను, కావాలనే. ముందున్నవి తేలకుండా అది తేలదు.

మిక్స్‌డ్ యూజ్ అంటే ఏంది సార్? మాల్ లాంటిదా?

కాదు. ఒకే జాగలో వ్యాపారం, నివాసం, ఆఫీసు లాంటివి రెండు మూడు కలిసి ఉంటే దాన్ని మిశ్రమ వినియోగం అంటారు. పేరు కొత్తదే కానీ పద్ధతి మనకు పాతదే. బట్టలబజార్లోనో, పిన్నవారి వీధిలోనో ఏ పాత ఇంటినైనా చూడండి. ముందు దుకాణం, వెనక సరుకు, పైన కుటుంబం. షట్టరు దించి మెట్లెక్కితే ఇల్లే.

అప్పుడు కింద, పైన ఒకే కుటుంబం కాబట్టి చప్పుడు, చెత్త, నీళ్ల పంపకం వాళ్లలో వాళ్లు సర్దుకున్నారు. ఇప్పుడు కింద టిఫిన్ సెంటర్ ఒకరిది, మధ్యలో డయాగ్నస్టిక్ సెంటర్ ఇంకొకరిది, పైన ఫ్లాటు బ్యాంకు లోను తీసుకున్న మరొకరిది. ఆ సర్దుబాటును ఇప్పుడు గోడలతో, మెట్లతో, పైపులతో చెయ్యాలి. ప్లాను అంటే అదే.

ఇంకో మాట. మీ సర్వే నంబరు ఏ జోన్‌లో ఉందో ముందు చూసుకోవాలి. చాలా ఏళ్లు మనకు దిక్కు 1972 నాటి మాస్టర్ ప్లానే. 2041 వరకు వర్తించే కొత్త ప్లానుకు 2024 నవంబరులో ఆమోదం వచ్చింది. కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ (కుడా) ఆఫీసులో ల్యాండ్ యూజ్ సర్టిఫికెట్ తీసుకోండి. పక్కింటాయన కట్టాడు కదా అన్నది సర్టిఫికెట్ కాదు.

మా జాగ ఖిలా వరంగల్‌కు దగ్గర. అసలు కట్టుకోవచ్చా, లేదా?

దగ్గర అంటే ఎంత దగ్గరో మీటర్లలో చెప్పాలి. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాల చుట్టూ 1958 నాటి చట్టం వర్తిస్తుంది. దాన్ని 2010లో గట్టిగా సవరించారు. దాని ప్రకారం రక్షిత హద్దు నుంచి మొదటి 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం. అక్కడ కొత్త కట్టడం కుదరదు. ఆ తర్వాత ఇంకో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. అక్కడ కట్టొచ్చు, కానీ జాతీయ స్మారకాల ప్రాధికార సంస్థ సిఫారసు మీద ఇచ్చే ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదనే పత్రం, కావాలి. మొత్తం 300 మీటర్లు దాటితే మామూలుగా ఈ చట్టం మీ జోలికి రాదు. మున్సిపల్ నిబంధనలు మాత్రం ఎక్కడైనా ఉంటాయి.

చాలామంది పొరబడేది ఇక్కడే. కార్పొరేషన్ అనుమతి వచ్చింది కదా అని పునాది తీస్తారు. 600 గజాల లోపు, 10 మీటర్ల ఎత్తు లోపు ఇంటికి స్వీయ ధ్రువీకరణతో ఆన్‌లైన్‌లో వెంటనే అనుమతి వచ్చే ఏర్పాటు 2020 చట్టంతో వచ్చింది. ఇప్పుడు ఆ పని బిల్డ్‌నౌ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వ్యవస్థ ద్వారా నడుస్తోంది. స్వీయ ధ్రువీకరణ అంటే, తప్పు చెబితే బాధ్యత మీదేనని మీరే సంతకం పెట్టడం. స్మారకం దగ్గర లేదని టిక్కు పెట్టి, రెండో స్లాబు పోశాక నోటీసు అందుకున్న ఒకాయన నా దగ్గరికి వచ్చాడు. ఆయనకు చెప్పడానికి నా దగ్గర మంచి మాట ఏదీ లేకపోయింది. అనుమతి లేకుండా కడితే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చని చట్టంలో ఉంది.

దూరం ఎక్కడి నుంచి కొలవాలి? గుడి గోడ నుంచా?

ఈ తప్పు నేనే చేశాను. పని మొదలుపెట్టిన కొత్తలో ఒక స్థలానికి టేపు పట్టుకుని కట్టడం గోడ నుంచి కొలిచి, దాటిపోయాం అని ఓనరుకు ధైర్యం చెప్పాను. కొలవాల్సింది గోడ నుంచి కాదు, గెజిట్‌లో ప్రకటించిన రక్షిత ప్రాంతం హద్దు నుంచి. కట్టడం చుట్టూ ఉన్న ఖాళీ నేల కూడా ఆ హద్దులో ఉండొచ్చు. నా లెక్క తప్పింది, ఆయన ప్లాను మొత్తం మళ్లీ గీయాల్సి వచ్చింది. ఫీజు అడగలేదు, అడిగే ముఖం కూడా లేదు.

ఖిలా వరంగల్‌లో ఇది ఇంకా చిక్కు. గణపతిదేవుడు మొదలుపెట్టించి రుద్రమదేవి పూర్తి చేయించిన రాతి కోట ఒకటి, దాని బయట మట్టి కోట, రెండింటికీ అగడ్తలు. మధ్యలో నాలుగు కీర్తి తోరణాలు, స్వయంభూ శివాలయ శిథిలాలు, ఆ పక్కన ఖుష్‌మహల్. వీటన్నిటి మధ్యా ఊరు ఉంది, జనం ఉన్నారు. చూస్తే పొలం గట్టులా కనిపించేది మట్టి కోట కట్ట కావొచ్చు. కాబట్టి కంటితో తేల్చకండి. సర్వే నంబర్లతో హద్దు చూపమని పురావస్తు శాఖ వాళ్లను రాతపూర్వకంగా అడగండి. జాగ నాలుగు మూలల అక్షాంశ రేఖాంశాలు ఇస్తే, అంతరిక్ష శాఖ తయారుచేసిన స్మారకాల మ్యాపుల ఆధారంగా దూరం తేలుతుంది.

హనుమకొండలో వేయి స్తంభాల గుడి చుట్టూ కూడా ఇంతే. 1163 నాటి గుడి పక్కనుంచే బస్సుల రోడ్డు పోతుంది. రోడ్డుకు అటువైపు ఉన్నాం కదా అంటే కుదరదు, కొలత రోడ్డును దాటే పోతుంది.

వంద మీటర్ల లోపల మా తాత ఇల్లు ఉంది. కూలగొట్టి అదే సైజులో కట్టుకుంటాం. అభ్యంతరం ఏముంది?

ఉంది. మరమ్మతు వేరు, పునర్నిర్మాణం వేరు అని చట్టమే విడదీసింది. 1992 జూన్ 16కు ముందు నుంచి ఉన్న ఇల్లయితే నిషిద్ధ ప్రాంతంలోనూ మరమ్మతుకు, బాగు చేసుకోవడానికి అనుమతి అడగొచ్చు. కూల్చేసి అదే కొలతల్లో మళ్లీ లేపడం మాత్రం మరమ్మతు కిందికి రాదు. అంటే ఒకసారి కూల్చారా, ఆ ఇల్లు మళ్లీ లేవదు. బీటలు పడ్డ పెంకుటిల్లును జేసీబీతో నేలమట్టం చేసే ముందు ఈ వాక్యం ఇంట్లో అందరికీ చదివి వినిపించండి. పాత ఇంటి పన్ను రశీదులు, కరెంటు బిల్లులు, దస్తావేజు పారేయకండి. ఇల్లు 1992కు ముందుదని చూపించేవి అవే.

జాగ సగం నిషిద్ధంలో, సగం నియంత్రితంలో ఉంటే నిరాశ పడనక్కర్లేదు. లోపలి సగాన్ని చెట్లకు, మట్టి బాటకు వదిలి, కట్టడాన్ని అవతలి సగంలో పెట్టండి. సెట్‌బ్యాక్, అంటే కట్టడం చుట్టూ ఉంచాల్సిన ఖాళీ, ఎలాగూ వదలాలి. వదిలేది కోట వైపే వదిలితే మీ బాల్కనీలకు ఆ పచ్చదనం మిగులుతుంది.

పర్మిషన్‌కు ఎన్ని రోజులు పడుతుంది?

చట్టంలో గడువులు ఉన్నాయి. నిర్ణీత అధికారి 15 రోజుల్లో దరఖాస్తును ప్రాధికార సంస్థకు పంపాలి, వాళ్లు రెండు నెలల్లో సిఫారసు చెప్పాలి, అది అందాక నెలలోపు మీకు జవాబు ఇవ్వాలి. అంటే మూడున్నర నెలలు. ఆ తర్వాతే భవన అనుమతి. పెద్ద భవనాలకు సింగిల్ విండోలో 21 రోజుల గడువు. బ్యాంకు వడ్డీ లెక్క వేసుకునేటప్పుడు ఇంతకంటే ఎక్కువే వేసుకోండి. ఒక్క డ్రాయింగు సరిగా లేదని వెనక్కి వస్తే గడియారం మళ్లీ మొదలవుతుంది.

సరే, ఎన్ని ఫ్లోర్లు వస్తాయి?

బొంబాయిలో లాగా జాగకు ఇన్ని రెట్లు కట్టొచ్చు అనే ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి మన దగ్గర లేదు. 2012 నాటి భవన నియమాల ప్రకారం స్థలం విస్తీర్ణం, ముందున్న రోడ్డు వెడల్పు, వదలాల్సిన సెట్‌బ్యాక్‌లు, ఇవే ఎత్తును తేలుస్తాయి. వరంగల్ పాత బజార్లలో జాగ ఎకరం ఉన్నా రోడ్డు ఇరుకైతే ఎత్తు రాదు.

నియంత్రిత ప్రాంతంలో దీనిపైన ఇంకో కత్తెర పడుతుంది. ఎన్‌ఓసీలో ఎత్తు మీటర్లలో రాస్తారు. అందులో పిట్టగోడ, మెట్ల గది, నీళ్ల ట్యాంకు కూడా కలిసే ఉంటాయి. మూడు అంతస్తులు లెక్క కట్టి ట్యాంకును మరిచిపోయేవాళ్లే ఎక్కువ. ట్యాంకును మెట్ల గది మీద కాకుండా వెనక తక్కువ ఎత్తు భాగంలో పెడితే రెండు మీటర్ల దాకా మిగులుతుంది.

నేను ఒక పని చేయిస్తాను. ప్లాను గీయకముందే ఎర్ర గాలిబుడగను దారానికి కట్టి, అనుకున్న ఎత్తు దాకా జాగలో నాలుగు మూలలా ఎగరేయిస్తాను. తర్వాత కోటలో తోరణాల దగ్గర, ఏకశిల గుట్ట మీద నిలబడి ఫొటోలు తీస్తాం. గాలి లేని పొద్దున అయితే మంచిది, లేకపోతే బుడగ వంగిపోయి ఎత్తు తక్కువ చూపిస్తుంది. తోరణం రెండు స్తంభాల మధ్య ఇప్పుడు కనిపించేది ఆకాశం. అక్కడ ఎర్ర బుడగ కనిపిస్తే రేపు మీ లిఫ్టు గది కూడా కనిపిస్తుంది. ఓనర్లు చాలామంది ఆ ఫొటో చూశాక వాళ్లే ఒక అంతస్తు తగ్గిద్దామంటారు. అందరూ కాదు.

తోరణం డిజైన్ మా ఎలివేషన్‌లో, అంటే బిల్డింగు ముందు ముఖంలో, పెడితే అనుమతి తొందరగా వస్తుందా?

రాదు. ఫైబర్‌తో పోసిన తోరణాలు మన ఊళ్లో పెట్రోలు బంకుల దగ్గర్నుంచి ఫంక్షన్ హాళ్ల దాకా చాలినన్ని ఉన్నాయి. అసలు తోరణం పక్కన నకలు పెట్టడం అసలును చిన్నబుచ్చడమే అని నా అభిప్రాయం. గోడకు మట్టి రంగుకు దగ్గరి రంగు, మెరిసే అద్దాలకు బదులు లోతైన కిటికీలు, బోర్డులన్నీ షట్టరు పైన ఒకే గీతలో. ఇవి చాలు. రాత్రి వెలిగే ఎల్‌ఈడీ తెర కోట వైపు వద్దు.

పాత మిల్లు షెడ్లను తీసెయ్యాలా, ఉంచాలా?

మొత్తం తీసేయడమే చవక అని మేస్త్రీ చెబుతాడు. ఆయనకు అది తేలిక కాబట్టి. ముందు ఏముందో లెక్క రాయండి: ఎన్ని టేకు దూలాలు, గోడలు డంగు సున్నంవా కాదా, పెంకులు ఏ స్థితిలో ఉన్నాయి, పొగగొట్టం నిలబడి ఉందా.

1934లో మొదలైన ఆజంజాహి మిల్లు ఈ ఊరికి అన్నం పెట్టింది. దాని నేల తర్వాత ప్లాట్లుగా, ఆఫీసులుగా మారింది. అక్కడ మిల్లు ఉండేదని ఇప్పటి పిల్లలకు వేలు పెట్టి చూపించాల్సి వస్తుంది. నిజాం కాలపు సెంట్రల్ జైలును 2021లో కూల్చి ఆ జాగలో 24 అంతస్తుల ఆసుపత్రి తలపెట్టారు. ఆసుపత్రి వద్దని ఎవరూ అనరు. కానీ ఆ గోడల్లో ఒక్క వరుసనైనా కొత్త ఆవరణలో కలిపి ఉంచితే ఎలా ఉండేదని ఆ దారిన పోయినప్పుడల్లా అనుకుంటాను. మీది అంత పెద్ద జాగ కాకపోవచ్చు. అయినా ఒక్క షెడ్డు ఉంచి చూడండి. ఎత్తైన పైకప్పు, మధ్యలో స్తంభాలు లేని హాలు కొత్తగా కట్టాలంటే ఎంతవుతుందో అడగండి. దుప్పట్లు, దర్రీలు అమ్మే నేతవాళ్లకు, హోటలుకు, శనాదివారాల సంతకు అది సరిగ్గా సరిపోతుంది.

ఉంచేటట్లయితే ఒకటే జాగ్రత్త: సున్నం గోడకు సిమెంటు ప్లాస్టరు కొట్టకండి. సున్నం గోడ చెమ్మను పీల్చి వదులుతుంది. పైన సిమెంటు పూస్తే ఆ చెమ్మ లోపలే ఉండిపోయి, ఉప్పు పేరుకుని, గోడ లోపల్నుంచి పొడి అవుతుంది. పైకి నున్నగా కనిపిస్తూనే పాడవుతుంది. సున్నం పని తెలిసిన మేస్త్రీలు తగ్గిపోయారు, వెతకాలి. గుళ్ల మరమ్మతు పనులు చేసేవాళ్ల దగ్గర అడిగితే దొరుకుతారు.

సెల్లార్ తవ్వొచ్చా? పార్కింగ్ ఇంకెక్కడ పెట్టాలి?

మన ఊరి పేరే ఏకశిలా నగరం. చాలాచోట్ల మీటరు తవ్వగానే రాయి తగులుతుంది. పేల్చాలంటే కోట పక్కన ఆ ఆలోచనే వద్దు. బ్రేకరుతో కొట్టినా కంపనం ఉంటుంది. కాకతీయుల కట్టడాల్లో ఇసుక నింపిన గుంత మీద పునాది వేసే పద్ధతి ఉంది. వేయి స్తంభాల గుడి కల్యాణ మండపాన్ని రాయికి రాయి విప్పి మళ్లీ పేర్చి 2024 మార్చిలో తెరిచేదాకా దాదాపు పద్దెనిమిదేళ్లు పట్టింది. అలాంటి కట్టడం దగ్గర లోతుగా తవ్వి, ఊరిన నీటిని నెలల తరబడి మోటారుతో తోడేసే ముందు మట్టి పరీక్షతో పాటు కంపన పరీక్ష కూడా చేయించండి. ప్రాధికార సంస్థ వాళ్లు పెద్ద ప్రాజెక్టులకు స్మారకం మీద పడే ప్రభావం చూస్తారు. వాళ్లు అడగకముందే మీ దగ్గర కాగితం ఉంటే మంచిది.

పార్కింగ్‌కు నేను చెప్పేది: సెల్లార్ మానేసి స్టిల్ట్ (స్తంభాల మీద నిలిపి, బండ్లకు వదిలే కింది భాగం) పెట్టి, ఒక అంతస్తు తగ్గించుకోండి. లెక్క వేస్తే రాయి కొట్టే ఖర్చు ఆ అంతస్తు ఆదాయంలో చాలా భాగం తినేస్తుంది.

తవ్వుతుంటే శిల్పమో, నాణేలో బయటపడితే?

పని ఆపండి. కదిలించకండి. ఫొటో తీసి కలెక్టరుకు, పురావస్తు శాఖకు తెలపండి. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ఇంకా అమల్లో ఉంది. భూమిలో దొరికిన వస్తువు విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు చెప్పాలని అందులో ఉంది. రాత్రికి రాత్రి ట్రాక్టరులో పంపేస్తే పని ఆగదనుకుంటారు. కూలీల్లో ఒకరి ఫోన్లో అప్పటికే ఫొటో ఉంటుంది.

మా జాగ వెనక నాలా ఉంది, వర్షాకాలం తప్ప నీళ్లుండవు.

ఆ వర్షాకాలం సంగతే చూడాలి. 2020 ఆగస్టులో, 2023 జూలైలో, మళ్లీ 2025 అక్టోబరు తుఫానులో నీళ్లు ఎక్కడికొచ్చాయో మీ వీధిలో పెద్దవాళ్లను అడిగి గోడ మీద గీత పెట్టుకోండి. కాకతీయులు తవ్వించింది గొలుసుకట్టు చెరువులు. పై చెరువు మత్తడి దూకితే కింది చెరువుకు దారి కావాలి. ఆ దారినే మనం బొందివాగు అంటాం, నయీంనగర్ నాలా అంటాం, కొన్నిచోట్ల మరిచిపోయి ప్లాటు నంబరు కూడా వేశాం.

నియమం ఇది: పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ గీత (చెరువు నిండినప్పుడు నీళ్లు వచ్చే హద్దు) నుంచి 30 మీటర్లు, అంతకు చిన్నదైతే 9 మీటర్లు వదలాలి. పది మీటర్లకు మించిన వాగుకు 9 మీటర్లు, చిన్న నాలాకు 2 మీటర్లు. ట్రాన్స్‌ఫార్మరు, లిఫ్టు మోటారు, మీటర్ల బోర్డు వరద గీత కంటే పైన పెట్టండి. ఇది నియమాల్లో కనిపించకపోయినా నా మాట మీద పెట్టండి.

కింద ఏం పెట్టాలి, పైన ఏం పెట్టాలి?

రోడ్డు వైపు చిన్న కొట్లు, ఎక్కువ తలుపులు. వంద అడుగుల ముఖం మొత్తం ఒకే షోరూముకు ఇస్తే కిరాయి ఒక్క చోట వస్తుంది, వాళ్లు ఖాళీ చేసిన రోజు వీధి మొత్తం చీకటి. పది కొట్లయితే రెండు ఖాళీగా ఉన్నా ఎనిమిది వెలుగుతాయి. మొదటి అంతస్తులో ఆసుపత్రులు, ట్యూషన్లు, ఆఫీసులు. ఆపైన ఇళ్లు.

ఇళ్లకు మెట్లు, లిఫ్టు వేరే ఉండాలి, వేరే వైపు నుంచి ఉండాలి. ఇదొక్కటి బేరం లేని మాట. కోచింగ్ సెంటర్ పిల్లలు రెండు వందల మంది దిగే మెట్ల మీద కూరగాయల సంచితో ఎక్కే ముసలమ్మ ఇబ్బంది నేను చూశాను. హోటలు పొగగొట్టం డాబా దాకా లోపలి నుంచే పోవాలి. దాన్ని ముందే ప్లానులో పెట్టకపోతే తర్వాత రేకు గొట్టం ఎవరి కిటికీ పక్కన లేస్తుందో మీకు తెలుసు. సరుకు లారీలు రాత్రే రావాలని కిరాయి ఒప్పందంలో రాయండి.

ఫంక్షన్ హాలు వద్దు. అడుగుతారు, కిరాయి బాగుంటుంది, అయినా వద్దు. పైన ఇళ్లున్న చోట బరాత్ డీజే కుదరదు.

బతుకమ్మ రోజుల్లో మా వీధి మూసేస్తారు. వ్యాపారం ఎలా?

ఎంగిలిపూల నాడు వేయి స్తంభాల గుడి దగ్గర, సద్దుల నాడు పద్మాక్షి గుండం దగ్గర ఎంత జనం ఉంటారో మీకు నేను చెప్పాలా? భద్రకాళి గుడిలో నవరాత్రులు, ఉర్సు గుట్ట రంగలీల మైదానంలో దసరా. జాగ అక్కడ దగ్గర్లో ఉంటే ఆ తొమ్మిది రోజులు మూసే రోజులు కావు, ఏడాదిలో అన్నిటికంటే ఎక్కువమంది మీ గడప ముందు నడిచే రోజులు. ముందు పదడుగుల అరుగు వదలండి. ఆడవాళ్లు బతుకమ్మ దించి కాసేపు కూర్చునే అరుగు, తాగే నీళ్లు, శుభ్రమైన మరుగుదొడ్డి. ఫైరింజను లోపలికి వచ్చే దారి మాత్రం ఆ రోజుల్లో కూడా ఎవరికీ కిరాయికి ఇవ్వకండి.

ఇప్పుడున్న కిరాయిదారుల సంగతి? ముందున్న తోపుడు బండ్లు?

కొట్టు ముప్పై ఏళ్లుగా నడిపినవాణ్ని నోటిమాటతో ఖాళీ చేయిస్తే కోర్టులో కలుస్తారు. కట్టడం అయ్యాక ఎన్ని గజాలు, ఏ వైపు, ఎంత కిరాయికి తిరిగి ఇస్తారో, మధ్యలో ఎక్కడ కూర్చుంటాడో కాగితం మీద పెట్టండి. పాత గిరాకీ వాళ్లతోనే తిరిగి వస్తుంది. వీధి వ్యాపారులకు 2014 చట్టం ఉంది. గుర్తింపు కార్డు ఉన్న బండిని మీరు తోసేయలేరు. మిర్చి బజ్జీల బండి ఉన్న మూల సాయంత్రం ఎప్పుడూ సందడిగానే ఉంటుంది, దాన్ని పోగొట్టుకోవడం మీకే నష్టం.

మేం నలుగురు అన్నదమ్ములం. బిల్డరుకు డెవలప్‌మెంట్‌కు ఇద్దామనుకుంటున్నాం.

ముందు వాటాలు రిజిస్టరు చేసుకోండి. తర్వాత, నిషేధిత ఆస్తుల జాబితాలో మీ సర్వే నంబరు లేదని చూసుకోండి. గుడి మాన్యాలు, వక్ఫు భూములు పాత ఊళ్లో కలగలిసి ఉంటాయి. బిల్డరు చెప్పే నిష్పత్తి అతను ఊహించుకున్న అంతస్తుల మీద ఉంటుంది. ఎన్‌ఓసీలో ఎత్తు తగ్గితే ఎవరి వాటా తగ్గుతుందో ఒప్పందంలో రాయించండి. ఈ ఒక్క వాక్యం లేక చెడిన ఒప్పందాలు నేను చూశాను. 500 చదరపు మీటర్లు దాటిన జాగ అయినా, ఎనిమిది మించి యూనిట్లు ఉన్నా అమ్మకానికి ముందు రెరాలో, అంటే స్థిరాస్తి నియంత్రణ సంస్థలో, నమోదు కావాలి.

నేను కట్టేవాణ్ని కాదు, అలాంటి దాంట్లో ఫ్లాట్ కొనేవాణ్ని. ఏం చూడాలి?

రెరా నంబరు, మంజూరైన ప్లాను, కోటకో గుడికో 300 మీటర్ల లోపల ఉంటే ఎన్‌ఓసీ నకలు. ఎన్‌ఓసీలో రాసిన ఎత్తు, మీ ఎదురుగా లేచిన ఎత్తు ఒకటేనా అని నేలమీద నిలబడి అంతస్తులు లెక్కపెట్టండి. ఒకటి ఎక్కువుంటే, అది పెంట్‌హౌస్ అని ఎవరు చెప్పినా అడ్వాన్సు ఇవ్వకండి.